జూలో వంశవృక్షం

మన కాలేజీలో బి.ఎస్సీ. పూర్తి చేసి, ఇప్పుడు దాదర్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చదువుతున్నాను. నేను తీసుకున్న ప్రత్యేక అంశం జంతుప్రదర్శనశాలల్లోనూ అక్వేరియంలలోనూ జరిగే సంరక్షణ జీవశాస్త్రం. ఈ సంగతి చెప్పగానే మా చాల్‌లో వాళ్ళు వేసే ప్రశ్న ఒకటే: “జంతువులకు గడ్డేసేటందుకు ఎమ్మెస్సీ ఎందుకు బిడ్డా?” తోటి విద్యార్థులు వేసే ప్రశ్న వేరు: “పంజరంలో పెట్టి, కాపాడుతున్నామంటే ఎలా నమ్మాలి?”

రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికీ జవాబు ఒకచోటే ఉంది. జూ ఒక జాతిని కాపాడాలంటే దానికి రెండు కావాలి: లోపల బంధుత్వాల లెక్క, బయట తిరిగి వెళ్ళడానికి ఒక అడవి. ఈ రెండూ ఉన్నాయో లేవో తేల్చడం నేర్పేదే ఈ చదువు. ఈ వ్యాసంలో దాన్ని ఒక పాఠంలాగా చెబుతాను. జువాలజీ వాళ్ళకే కాదు, తెలుగు, చరిత్ర, కామర్స్ చదివే వాళ్ళకి కూడా అర్థం కావాలని నా ప్రయత్నం. భిన్నాలు కలపడం, గుణించడం వస్తే చాలు.

1. ప్రేమ వేరు, సంరక్షణ వేరు

దాదర్ స్టేషన్ పడమటి వైపు దిగి కొంచెం నడిస్తే కబూతర్‌ఖానా వస్తుంది. ఏళ్ళ తరబడి జనం అక్కడ పావురాలకి గింజలు వేశారు. పావురాల రెట్టల వల్ల ఊపిరితిత్తుల జబ్బులొస్తున్నాయని వివాదం నడిచి, 2025లో హైకోర్టు ఆదేశాల తర్వాత నగరపాలక సంస్థ దాన్ని మూయించింది. దాని మీద గొడవలు కూడా అయ్యాయి. ఎవరిది న్యాయమనేది ఇక్కడ మన విషయం కాదు. గింజలు వేసే అమ్మమ్మకి పావురాల మీద ఉన్నది నిజమైన దయ. కానీ దాన్ని సంరక్షణ అనలేం. ఊరి పావురం అంతరించే ప్రమాదంలో లేదు. మనం వేసే గింజలతో దాని సంఖ్య పెరుగుతుందే తప్ప జాతికి కొత్తగా ఒరిగేదేమీ లేదు.

సంరక్షణ జీవశాస్త్రంలో మొదటి మెట్టు ఇదే. మనం చూసేది ఒక్క జంతువునే కాదు, ఆ జాతి జనాభాని. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పిల్లల్ని కంటున్నాయి, వాటిలో ఎన్ని పెద్దవవుతున్నాయి, ఒకదానికొకటి ఎంత దగ్గర చుట్టాలు అనేవి ప్రశ్నలు. అడవిలోనే కాపాడితే దాన్ని ఇన్-సిటు సంరక్షణ అంటాం. అడవికి బయట, జూలోనో ప్రయోగశాలలోనో కాపాడితే ఎక్స్-సిటు. మన ఇంటర్ పుస్తకాల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కన రెండు గళ్ళలో ఉంటాయి కాబట్టి అవి వేర్వేరు దారులనిపిస్తుంది. కానీ రెండోది మొదటిదానికి సాయం మాత్రమే. 1998 నాటి మన జాతీయ జూ విధానం కూడా ఇదే చెప్పింది: జూల ముఖ్య ఉద్దేశం అడవిలో జరిగే సంరక్షణకి తోడ్పడటం.

2. తోట నుంచి చట్టం దాకా

దాదర్‌లో సెంట్రల్ లైన్ స్లో లోకల్ ఎక్కితే పరేల్, కరీ రోడ్, చించ్‌పోక్లీ దాటాక వచ్చేది బైకలా. అక్కడే రాణీబాగ్ ఉంది. అసలు పేరు వీరమాత జిజాబాయి భోసలే ఉద్యానవనం. 1862లో విక్టోరియా గార్డెన్స్ పేరుతో మొక్కల తోటగా మొదలైంది, జంతువులు తర్వాత వచ్చాయి. ఘారాపురి దీవికి ఎలిఫెంటా అని పేరు రావడానికి కారణమైన రాతి ఏనుగు ఇప్పుడు ఈ ఆవరణలోనే, పక్కనున్న మ్యూజియం దగ్గర ఉంది.

అక్కడికి కామాఠీపురా దూరం కాదు. నైజాం రాజ్యం నుంచి కూలి పనులకీ కట్టడం పనులకీ వలస వచ్చిన మన తెలుగు కామాఠీల పేరే ఆ పేటకి నిలిచిపోయింది. ఆ చాళ్ళలో పెరిగిన పెద్దవాళ్ళని అడిగితే సెలవు రోజంటే రాణీబాగే అంటారు. వాళ్ళకి జూ అంటే ఏనుగూ, పులీ, ఐస్‌ఫ్రూటూ. దాదాపు వందేళ్ళ పాటు జూ యజమానులకి కూడా అంతే. జనం చూడ్డానికి ఒక్కో రకం జంతువు ఒకటో రెండో ఉంటే చాలు. చచ్చిపోతే అడవి నుంచి ఇంకోటి తెచ్చేవారు.

చట్టం మారాక ఇది ఆగింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో అందులో జూల కోసం ప్రత్యేక అధ్యాయం చేరింది. 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అప్పటి నుంచి గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. ఏ జంతువు పుట్టింది, ఏది చనిపోయింది, ఏది ఎక్కడి నుంచి వచ్చింది అన్నది రాసి ఉంచాలి. చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ ఆ రిజిస్టరు లేకపోతే ఏమవుతుందో దాదర్‌లోనే ఒక ఉదాహరణ దొరుకుతుంది.

3. ఎవరి పిల్లో తెలియని మొసలి

2023 అక్టోబరులో శివాజీ పార్క్ దగ్గరున్న మున్సిపల్ ఈత కొలనులో చిన్న మొసలి పిల్ల కనిపించింది. పొద్దున్నే ఈతకొచ్చిన వాళ్ళు ఉలిక్కిపడ్డారు, పేపర్లన్నీ రాశాయి. దాన్ని పట్టి అటవీ శాఖకి అప్పగించారు. ఎవరికీ గాయం కాలేదు కాబట్టి జనం నవ్వుకుని మర్చిపోయారు.

ఈ చదువు చదివే వాళ్ళకి అది నవ్వుకునే విషయం కాదు. మన దేశంలో మొసళ్ళు మూడు జాతులు: మగ్గర్, ఉప్పునీటి మొసలి, ఘరియల్. ముందు ఏ జాతో గుర్తించాలి. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలకి జవాబు దొరకదు. తల్లి ఎవరు? ఏ నదిది? మనుషుల చేతిలో పుట్టిందా, నీటిలోంచి పట్టి తెచ్చారా? ఏ రోగం ఉన్న జంతువుల మధ్య పెరిగింది? ఇవి తెలియకుండా దాన్ని పిల్లల్ని పెట్టే కార్యక్రమంలో చేర్చలేం. బాగా ఆలోచించకుండా చెరువులో వదిలినా అక్కడున్న వాటికి రోగం అంటించవచ్చు. ప్రాణం దక్కింది, సంతోషం. కానీ జాతి లెక్కలో దాని స్థానం ఏమిటో చెప్పలేం.

ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగిన కథ మన విశాఖపట్నం, తిరుపతి రక్షణ కేంద్రాలది. సర్కసుల్లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులు, చిరుతల్ని ఆడించకూడదని కేంద్రం 1998లో నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కసుల నుంచి తీసుకొచ్చిన సింహాల్ని ఉంచిన చోట్లలో మన విశాఖ, తిరుపతి ఉన్నాయి. వాటిలో చాలామటుకు గిర్ అడవి ఆసియా సింహానికీ ఆఫ్రికా సింహానికీ కలిసి పుట్టిన సంకర సంతతి. వాటికి తిండి పెట్టారు, వైద్యం చేశారు, ముసలితనం దాకా చూసుకున్నారు. కానీ పిల్లల్ని మాత్రం కననివ్వలేదు. ఎందుకంటే ఆ రక్తం గిర్ సింహాల వరసలో కలిస్తే మళ్ళీ విడదీయలేం. ఇది క్రూరత్వమని మొదట నాకూ అనిపించింది. ఆ జంతువు బాగు, ఆ జాతి బాగు ఒకటి కాని సందర్భాలు ఉంటాయని అర్థమయ్యాక అనిపించడం మానేసింది.

అందుకే జూలో ప్రతి జంతువుకీ గుర్తు ఉండాలి: చర్మం కింద మైక్రోచిప్, కాలికి రింగు, చెవికి ట్యాగ్. జాతి మొత్తానికి ఒక వంశావళి పుస్తకం ఉంటుంది. దాన్ని స్టడ్‌బుక్ అంటారు. అడవి జంతువుల కోసం ఇలాంటి పుస్తకం మొదట రాసింది యూరప్ అడవిదున్నకి. 1927 నాటికి అడవిలో దాని ఆఖరి మంద పోయింది, జూలలో యాభై దాకా మిగిలాయి. 1932లో స్టడ్‌బుక్ అచ్చయింది. ఇవాళ పోలండ్, బెలారస్ అడవుల్లో తిరుగుతున్న వేల దున్నలూ పన్నెండు మూల జంతువుల సంతానమే.

4. మేనరికం లెక్క

ఇక అసలు పాఠం. మన ఇళ్ళల్లో సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు, గోత్రం అడుగుతారు. అటేడు తరాలు, ఇటేడు తరాలు చూడమంటారు. అదే నోటితో మేనమామకి ఇచ్చి చేస్తారు, మేనబావకి ఇచ్చి చేస్తారు. కాబట్టి అంతఃప్రజననం అంటే ఏమిటో తెలుగు అమ్మాయికి చెప్పడం తేలిక.

ప్రతి జన్యువుకీ మనలో రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక ప్రతి మన బిడ్డకి చేరే అవకాశం 1/2. అమ్మా నాన్నా చుట్టాలైతే, ఒకే తాత దగ్గరున్న ఒకే ప్రతి రెండు దారుల్లో వచ్చి బిడ్డలో మళ్ళీ కలవచ్చు. అలా కలిసే అవకాశాన్నే అంతఃప్రజనన గుణకం అంటాం.

లెక్క ఇలా కట్టాలి. బిడ్డ తల్లి నుంచి మొదలుపెట్టి ఉమ్మడి పూర్వీకుడి దాకా పైకి వెళ్ళి, అక్కడి నుంచి బిడ్డ తండ్రి దాకా దిగాలి. దారిలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి, 1/2ని అన్నిసార్లు గుణించాలి. తాత ఒక దారి, అమ్మమ్మ లేదా నానమ్మ ఇంకో దారి. రెండూ కలపాలి.

మేనబావతో పెళ్ళైతే: వధువు, ఆమె తల్లి, తాత, మేనమామ, వరుడు, మొత్తం ఐదుగురు. 1/2ని ఐదుసార్లు గుణిస్తే 1/32. రెండు దారులకి 1/16.

మేనమామతో పెళ్ళైతే: వధువు, ఆమె తల్లి, తాత, మేనమామ, నలుగురు. 1/16. రెండు దారులకి 1/8.

జంతువుల్లో అన్నాచెల్లెళ్ళు కలిస్తే: చెల్లి, తండ్రి, అన్న, ముగ్గురు. 1/8. రెండు దారులకి 1/4.

1/16 అంటే జబ్బు వచ్చే అవకాశం అని పొరపడకండి. ఏదో ఒక జన్యువులో రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చే అవకాశం అంతే. అయితే ఆ మూలంలో దోషం దాగి ఉంటే, అది బయటపడే దారి అక్కడే. మనుషుల్లో ఒక్క మేనరికంతో అనర్థం రాసిపెట్టి ఉన్నట్టు కాదు. తరతరాలుగా అవే రెండు ఇళ్ళ మధ్య ఇచ్చి పుచ్చుకుంటూ ఉంటే ఈ భిన్నం పెరుగుతూ పోతుంది. మన ఇళ్ళల్లో ఈ మాట వచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చోకుండా, కాగితం తీసుకుని ఈ లెక్క వేసి చూపించగలగాలి.

జూలో ఈ భిన్నం ఎంత ప్రాణాంతకమో 1979లో తేలింది. వాషింగ్టన్ జాతీయ జూలో పనిచేసిన కేథరిన్ రాల్స్ అనే శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 16 రకాల గిట్టల జంతువుల పాత రికార్డులు తీసి చూసింది. వాటిలో 15 రకాల్లో, దగ్గర చుట్టాలకి పుట్టిన పిల్లలే ఎక్కువగా చిన్నతనంలో చనిపోయాయి. ఆమె కొత్తగా ఏ జంతువునీ పట్టలేదు, కొయ్యలేదు. కీపర్లు రాసిపెట్టిన పుస్తకాలు చదివింది. ఆ తర్వాత జూలు తమ పద్ధతులు మార్చుకున్నాయి.

దీనికి మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ తెల్లపులి. 1951లో రేవా అడవుల్లో పట్టిన మోహన్ అనే తెల్ల మగపులికి మామూలు రంగు ఆడపులితో తెల్ల పిల్లలు పుట్టలేదు. దాని కూతురితోనే దాన్ని కలిపితే 1958లో తెల్ల పిల్లలు పుట్టాయి. తండ్రీ కూతుళ్ళ సంతానానికి గుణకం 1/4. తెల్లపులి వేరే జాతి కాదు, ఒక రంగు. ఆ రంగు కోసం దగ్గర చుట్టాల్ని మళ్ళీ మళ్ళీ కలిపారు. మెల్లకన్ను లాంటి లోపాలు ఆ వరసలో కనిపిస్తాయి. పులుల సంరక్షణ పేరు చెప్పి తెల్లపులిని చూపించడం, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే.

5. ఎవరిని ఎవరికి ఇవ్వాలి?

ఒక చిన్న జూ అనుకుందాం. రాజు, రాణి అనే జంటకి ఆరు పిల్లలు. గోపి, గౌరి అనే జంటకి ఒక్కటే కూతురు. పెద్దవి నాలుగూ చనిపోయాయి. ఏడు పిల్లలు మిగిలాయి. ఎవరి సంతానం ముందు కావాలి?

జనం చూపు రాజు పిల్లల మీద ఉంటుంది. బలంగా ఉన్నాయి, అలవాటు పడ్డాయి, త్వరగా ఎద కొస్తాయి. మనం మాత్రం సగటు బంధుత్వం లెక్కవేస్తాం. ఒక జంతువుకి తనతో తన బంధుత్వం 1/2, తోబుట్టువుతో 1/4, పరాయిదానితో 0. రాజు పిల్లల్లో ఒకదానికి: 1/2 + (5 × 1/4) + 0 = 1.75. దాన్ని ఏడుతో భాగిస్తే 0.25. గౌరి కూతురికి: 1/2 మాత్రమే, ఏడుతో భాగిస్తే సుమారు 0.07. తక్కువ వచ్చినదే విలువైనది. ఆ బిడియపడే ఒంటరి పిల్లలో ఉన్న జన్యువులు ఇంకెవరి దగ్గరా లేవు. అది సంతానం లేకుండా పోతే గోపి, గౌరీల వంశం అంతటితో సరి.

ఇంకో సూత్రం గుర్తుంచుకోండి. బంధుత్వం లేని మూల జంతువులు ఎన్ని ఉంటే, ఆ సంఖ్యని రెట్టింపు చేసి, 1ని దానితో భాగించి, 1లోంచి తీసెయ్యాలి. అడవిలోని జన్యు వైవిధ్యంలో ఎంత భాగం మన చేతికొచ్చిందో వస్తుంది. 5 జంతువులైతే 90 శాతం. 10 అయితే 95. 20 అయితే 97.5. జూలు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం నూరేళ్ళ తర్వాత కూడా 90 శాతం నిలపడం. అయిదింటితో మొదలుపెడితే మొదటి రోజే హద్దు మీద నిలబడ్డట్టు.

ఇప్పుడు రాణీబాగ్ పెంగ్విన్ల సంగతి మీరే వేసి చూడండి. 2016లో దక్షిణ కొరియాలోని సియోల్ నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లని తెచ్చారు. వాటి సొంత చోటు పెరూ, చిలీ తీరం. ఆ ఏడాదే ఒకటి చనిపోయింది. 2017 మార్చిలో జనానికి చూపించడం మొదలుపెట్టారు. 2018 ఆగస్టు 15న పుట్టిన మొదటి పిల్ల కొద్ది రోజులే బతికింది. తర్వాతి ఏళ్ళలో పుట్టినవి బతికి పెద్దవయ్యాయి. మిగిలిన ఏడూ ఒకదానికొకటి చుట్టాలు కావనీ, అన్నీ సమంగా పిల్లల్ని కన్నాయనీ అనుకున్నా సుమారు 93 శాతం. వేరే జూలతో ఇచ్చి పుచ్చుకోకపోతే ప్రతి తరానికీ అది తగ్గుతుంది. చల్లటి గదిలో వాటిని చూసి పిల్లలు కేరింతలు కొడతారు, అందులో తప్పేమీ లేదు. కానీ “ఇది సంరక్షణేనా?” అని అడిగితే నేను చూసేది అద్దం ఇవతల వరుసని కాదు. ఈ పక్షులు ఏ స్టడ్‌బుక్‌లో ఉన్నాయి, వీటి వల్ల పెరూ తీరానికి ఏం చేరుతోంది అన్నది.

6. మన నేల నుంచి రెండు ఉదాహరణలు

జూ పని సరిగ్గా జరిగిన చోటు చూడాలంటే హైదరాబాద్ రావాలి. మీరాలం చెరువు పక్కన 1963లో నెహ్రూ జూ పార్క్ ప్రారంభమైంది. సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల అత్తాపూర్‌లో ఉంది, అంతరించే జాతుల మీదే అక్కడి పని. కృత్రిమ గర్భధారణతో 2006లో పుట్టిన చుక్కల జింక పిల్ల ‘స్పాటీ’ వాళ్ళ కృషి ఫలితమే.

ఈ రెండు సంస్థలూ, అటవీ శాఖా, కేంద్ర జూ ప్రాధికార సంస్థా కలిసి 2010లో మూషిక జింకని తీసుకున్నాయి. గిట్టల జంతువుల్లో మన దేశంలో ఇదే అతి చిన్నది, దాదాపు మూడు కిలోలు. కొమ్ములుండవు. మగదానికి బయటికి వచ్చిన కోరలుంటాయి. రాత్రిపూట ఒంటరిగా తిరుగుతుంది, అలికిడైతే బెదిరిపోతుంది. ముట్టుకుని రక్తం తీస్తే ఆ భయానికే చనిపోవచ్చు. మరి చూలుతో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పెంటికలు ఏరి, వాటిలో హార్మోన్ల అవశేషాలు కొలుస్తారు. జంతువుకి మనం వచ్చి వెళ్ళినట్టు కూడా తెలియదు. “గడ్డేసేటందుకు ఎమ్మెస్సీ ఎందుకు?” అన్న పెద్దమ్మకి నేను చెప్పిన జవాబు ఇదే. “పెంటికలు ఏరేటందుకు పెద్దమ్మా!” అన్నాను.

వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నిటితో మొదలై ఏడేళ్ళలో రెండు వందలు దాటాయి. 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మొదటి విడత వదిలారు. ఒక్కసారిగా తలుపు తీసి తోలెయ్యలేదు. అడవిలోనే కంచె వేసిన ఆవరణలో ఉంచి, అక్కడి మేతకీ వాసనలకీ అలవాటు చేసి పంపారు. లోపల లెక్క ఉంది, బయట అడవి ఉంది. రెండూ కుదిరాయి.

రెండో ఉదాహరణ కలివికోడి. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి చెప్పిన పక్షి. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్ళీ ఎవరి కంటా పడలేదు, అంతరించిందనుకున్నారు. ముంబయిలో 1883లో పుట్టిన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో వెతుకుతుంటే, ఐతన్న అనే స్థానిక వేటగాడు 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో దాన్ని పట్టి చూపించాడు. పట్టిన ఆ పక్షి బతకలేదు. చదువుకున్న వాళ్ళు ఎనభై ఆరేళ్ళు పోయిందనుకున్న పక్షి, రాత్రిళ్ళు కలివి పొదల్లో తిరుగుతుందని ఐతన్నకి తెలుసు.

దీన్ని జూలో పెంచి కాపాడదామంటే? ఏం తింటుందో, ఎప్పుడు గుడ్డు పెడుతుందో సరిగా తెలియని పక్షిని బోనులో పెట్టడమంటే దాని ప్రాణంతో ఆడుకోవడం. దానికి కావలసింది పలచటి పొదల నేల. అందుకే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారిని ఒకచోట మార్చారు. సంరక్షణ పేరుతో ఎప్పుడు పంజరం కట్టకూడదో తెలియడం కూడా ఈ చదువులో భాగమే.

7. అద్దం వెనక నీళ్ళు

అక్వేరియం సంగతి కొంచెం వేరు. ముంబయి వాళ్ళకి అక్వేరియం అంటే 1951లో మెరైన్ డ్రైవ్‌లో ప్రారంభమైన తారాపోర్‌వాలా అక్వేరియమే. విరాళమిచ్చిన పార్సీ దాత పేరు పెట్టారు. అక్కడ ముందు కాపాడాల్సింది నీళ్ళని. చేపల విసర్జన నుంచి అమ్మోనియా వస్తుంది, అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కొత్త ట్యాంకులో ఆ రోజే చేపలు వేస్తే చచ్చిపోయేది ఇందుకే.

సముద్రపు చేపల్లో మనుషుల చేతిలో పిల్లలు పెట్టేవి తక్కువ. అంటే చాలా ట్యాంకుల్లో రంగురంగుల చేపలు సముద్రం నుంచి పట్టి తెచ్చినవే. క్లౌన్ చేపలాంటి కొన్నింటిని మాత్రం పెంచడం వచ్చింది. దాని కుటుంబం చిత్రమైనది. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే దాని జత మగచేప ఆడదిగా మారుతుంది. ఇది తెలియని వాళ్ళు “ఒక ఆడ, ఒక మగ ఇవ్వండి” అని అడుగుతారు. తెలిసిన వాళ్ళు రెండు చిన్న చేపలు కలిపి ఉంచి ఓపిక పడతారు. సముద్రపు గుర్రాల్నీ, పగడాల్నీ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. వాటిని పట్టడం, అమ్మడం నేరం.

8. చదవాలనుకునే వాళ్ళకి

జనాభా జన్యుశాస్త్రం, ప్రవర్తన, పోషణ, గణాంకాలు, చట్టం ఇవి ముఖ్యమైన భాగాలు. ప్రవర్తన పరిశీలనకి జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన వ్యాసం ఇప్పటికీ మొదటి పాఠం. ఎదురుగా నిలబడి “పులి దిగులుగా ఉంది” అని రాస్తే కుదరదు. ముందే పట్టిక గీసుకుని, ప్రతి అయిదు నిమిషాలకీ గడియారం చూసి, నడుస్తోందా, పడుకుందా, ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతోందా అని గుర్తు పెట్టాలి. ఆ తిరగడం ఎక్కువైతే ఆవరణలోనో తిండి పెట్టే తీరులోనో మార్పు చేసి, మళ్ళీ అదే పట్టికతో కొలవాలి.

డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలోనూ, బెంగళూరు ఎన్.సి.బి.ఎస్.లోనూ వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్సీ. ఉంది. చేపల వైపు వెళ్ళాలనుకుంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల, ఆపైన ముంబయి వర్సోవాలో 1961 నుంచి ఉన్న కేంద్ర మత్స్య విద్యా సంస్థ. పశువైద్యం చదివిన వాళ్ళకి దాదర్ పక్క స్టేషన్ పరేల్‌లోనే 1886 నాటి పశువైద్య కళాశాల ఉంది. మామూలు జువాలజీ ఎం.ఎస్సీ. చేస్తూ, నాలాగా జూ అంశాన్ని ప్రాజెక్టుగా తీసుకోవచ్చు కూడా.

ఉద్యోగాలు తక్కువ, దాచడం ఎందుకు. వాసన ఉంటుంది, ఎండ ఉంటుంది, ఆడపిల్ల రాత్రి డ్యూటీకి వెళ్ళొస్తానంటే ఇంట్లో ఒక పెద్ద సభ జరుగుతుంది. నాకు తోడ్పడింది ఒకటే: ఈ పనిలో బలం కన్నా ఓపికా, చక్కటి అక్షరాలూ ఎక్కువ అవసరం. రాల్స్ చదివిన పాత రిజిస్టర్లలో ఎవరో ఒక కీపరు రోజూ తప్పకుండా తేదీ వేసి రాసి ఉంటేనే కదా, ఆ లెక్క తేలింది.

ఈసారి మీరు జూకి వెళ్ళినప్పుడు ప్రతి ఆవరణ దగ్గరా మూడు ప్రశ్నలు అడగండి. ఈ జంతువు తల్లిదండ్రులెవరో ఎక్కడైనా రాసి ఉందా? దీనికి జత ఎవరిని, ఏ లెక్కన కుదిర్చారు? దీని పిల్లలు వెళ్ళగలిగే అడవి ఎక్కడుంది? కీపర్లని అడిగితే చాలామంది సంతోషంగా చెబుతారు, వాళ్ళని అడిగే వాళ్ళే తక్కువ. మూడిటికీ జవాబు దొరికితే అది సంరక్షణ. ఒక్కదానికీ దొరక్కపోతే అది వేడుక చూడటమే.

చివరగా ఇంటి పని. పై ఉదాహరణలో గౌరి కూతురిని రాజు పెద్ద కొడుక్కి జత చేస్తే పుట్టే పిల్లకి అంతఃప్రజనన గుణకం ఎంత? రాజు కొడుకునీ కూతుర్నీ జత చేస్తే ఎంత? జవాబులు కాగితం మీద రాసి ఈ వ్యాసం పక్కనే అతికించండి. సెలవులకి వచ్చినప్పుడు చూస్తాను.